జేబు పిస్టల్ ఆగిపోతుంటే ముందు మ్యాగజైన్‌ను అనుమానించండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: వరంగల్‌లో పత్తి కమిషన్ వ్యాపారం. సీజన్‌లో ఎనుమాముల మార్కెట్ నుంచి డబ్బుతో ఇంటికి రావాలి కాబట్టి ఆత్మరక్షణకు లైసెన్సు తీసుకున్నారు. ఇంకో లైసెన్సుదారు దగ్గర జేబులో పట్టే పాత విదేశీ .32 పిస్టల్ కొన్నారు. దానితో తూటాలు నింపే రెండు మ్యాగజైన్లు వచ్చాయి. ఒకటి పిస్టల్‌తో పుట్టింది, రెండోది తర్వాత ఎవరో చేయించింది. రేంజ్‌లో కాలిస్తే మొదటి రౌండ్ (తూటా) పేలుతోంది, రెండోది మాటిమాటికీ ఇరుక్కుంటోంది. అమ్మినాయన "వాడుతుంటే అదే సర్దుకుంటుంది" అన్నాడు. దీన్ని జేబులో పెట్టుకుని తిరగవచ్చా, లేక రివాల్వర్‌కు మారాలా?

ఇప్పుడున్న స్థితిలో దాన్ని నమ్ముకుని బయటికి వెళ్లకండి. అలాగని పిస్టల్‌ను అమ్మేయాల్సిన పని కూడా ఇంకా లేదు. మొదటి రౌండ్ పోయి రెండోది ఇరుక్కోవడం చాలావరకు మ్యాగజైన్ జబ్బు. ఏ మ్యాగజైన్‌తో ఆగుతోందో ముందు తేల్చండి. అసలు మ్యాగజైన్‌తో శుభ్రంగా నడిస్తే ఆ ఒక్కదానితోనే వాడుకోండి. రెండింటితోనూ ఆగితే లైసెన్సు ఉన్న ఆర్మరర్‌కు, అంటే ఆయుధాలు మరమ్మతు చేసే మనిషికి చూపించండి. ఈ పరీక్షలకు ఓపిక, తూటాలు లేవనుకుంటే మాత్రం రివాల్వర్ తీసుకోండి. "వాడుతుంటే సర్దుకుంటుంది" అన్న మాట కొత్త ఆయుధం విషయంలో కొంతవరకు చెల్లుతుంది. దశాబ్దాలు వాడిన పిస్టల్‌కు చెల్లదు. అరిగిన స్ప్రింగ్ వాడేకొద్దీ ఇంకా అరుగుతుందే గానీ బాగుపడదు.

నేను జిల్లా ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్మరర్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు ఒక లైసెన్సు డీలర్ దగ్గర ఆయుధాల మరమ్మతు చూస్తున్నాను. సర్వీసులో చేతిలో ఆడినవన్నీ 9 ఎం.ఎం. పిస్టళ్లు, పెద్ద ఆయుధాలు. చిన్న .32లు దగ్గరగా చూసింది రిటైరయ్యాకే. కరీంనగర్ గ్రానైట్ వాళ్లు, జమ్మికుంట రైస్ మిల్లుల వాళ్లు, మంచిర్యాల వైపు కాంట్రాక్టర్లు తెస్తుంటారు. అందరి ఫిర్యాదూ దాదాపు మీదే.

చిన్న పిస్టల్ ఎందుకు ఇంత సతాయిస్తుందో ముందు చెప్తాను. .32 పిస్టళ్లలో ఎక్కువ భాగం బ్లోబ్యాక్ పద్ధతిలో పనిచేస్తాయి. బ్రౌనింగ్ 1910, వాల్తర్ పీపీ ఇలాంటివే. పేలిన తూటా ఖోకా (ఖాళీ గొట్టం) వెనక్కి నెట్టిన బలంతోనే స్లైడ్, అంటే పిస్టల్ పైన ముందు వెనకలకు కదిలే భాగం, వెనక్కి వెళ్తుంది. దాన్ని అదుపు చేసేవి స్లైడ్ బరువు, స్ప్రింగే. మళ్లీ ముందుకు తెచ్చేది ఆ స్ప్రింగే. స్లైడ్‌ను బ్యారెల్‌తో కలిపి పట్టే లాక్ అంటూ ఏదీ ఉండదు. పెద్ద పిస్టల్‌లో స్లైడ్ బరువుగా ఉంటుంది, వెనక్కి ఎక్కువ దూరం పోతుంది. చిన్నదానిలో స్లైడ్ తేలిక, పోయే దూరం తక్కువ, వెనక్కి వెళ్లి రావడం కూడా చాలా వేగంగా జరిగిపోతుంది. ఆ క్షణంలోనే మ్యాగజైన్ స్ప్రింగ్ తర్వాతి రౌండ్‌ను పైకి లేపి సరైన కోణంలో నిలబెట్టాలి. స్ప్రింగ్ కాస్త నీరసించినా స్లైడ్ వచ్చేసరికి రౌండ్ కిందే ఉంటుంది, లేదా ముక్కు కిందికి వాలి ఫీడ్ ర్యాంప్‌కు, అంటే తూటాను బ్యారెల్‌లోకి ఎక్కించే వాలుకు గుద్దుకుంటుంది. పెద్ద పిస్టల్ ఇలాంటి చిన్న లోపాలను మింగేస్తుంది. జేబు పిస్టల్ మింగలేదు.

పట్టు కూడా లెక్కలోకి వస్తుంది. చిన్న పిస్టల్‌ను మణికట్టు వదులుగా పెట్టి కాలిస్తే ఫ్రేమ్ కూడా స్లైడ్‌తో పాటు వెనక్కి వస్తుంది. స్లైడ్‌కు పూర్తి దూరం దొరకదు. ఖోకా బయటికి పడకుండా, అది బయటికి వచ్చే కిటికీలో నిలువుగా ఇరుక్కుంటుంది. కాబట్టి పిస్టల్‌ను అనుమానించే ముందు రేంజ్‌లో కాల్చడం తెలిసిన మరో మనిషితో, కోచ్ సమక్షంలో, అదే పిస్టల్, అదే మ్యాగజైన్‌తో కాల్పించి చూడండి. ఆయన చేతిలో ఆగకుండా మీ చేతిలోనే ఆగుతుంటే మార్చుకోవాల్సింది పట్టు.

ఇక మ్యాగజైన్. రేకు డబ్బా, స్ప్రింగ్, దాని మీద రౌండ్లను మోసే ఫాలోవర్, అడుగు ప్లేటు, అంతే. ప్రాణమంతా పైన రౌండ్‌ను పట్టుకునే రెండు పెదవుల్లో ఉంది. ఫీడ్ లిప్స్ అంటాం. అవి కొంచెం విచ్చుకుంటే రౌండ్ ముందే జారుతుంది, ముడుచుకుంటే ఆలస్యంగా వదులుతుంది. కంటికి కనిపించనంత తేడా చాలు. మ్యాగజైన్ నేల మీద పైభాగం తగిలేలా ఒక్కసారి పడితే ఆ తేడా వచ్చేయవచ్చు. కరీంనగర్ నుంచి ఒకాయన తెచ్చిన పిస్టల్‌లో అందరూ ఎక్స్‌ట్రాక్టర్‌ను, అంటే ఖోకాను బయటికి లాగే కొక్కేన్ని తప్పు పట్టారు, ఒకచోట దాన్ని మార్చారు కూడా. చివరికి చూస్తే మ్యాగజైన్ పక్క రేకుకు చిన్న సొట్ట. ఫాలోవర్ పైకి వస్తూ అక్కడ పట్టేస్తోంది. రౌండ్లు నిండుగా ఉన్నప్పుడు స్ప్రింగ్ బిగుతుకు దాటిపోయేది, చివరి రెండు మూడు రౌండ్లకు వచ్చేసరికి ఆగేది. ఎన్నో రౌండ్ దగ్గర ఆగుతోందన్నది పెద్ద ఆధారం. ప్రతిసారీ ఒకే రౌండ్ దగ్గర ఆగితే మ్యాగజైన్. ఎప్పుడు పడితే అప్పుడు ఆగితే తూటా, మురికి, పట్టు, ఎక్స్‌ట్రాక్టర్, అన్నీ వెతకాలి.

.32కు దాని సొంత జబ్బు ఇంకొకటి ఉంది. ఈ తూటా జాన్ బ్రౌనింగ్ 1899 ప్రాంతంలో రూపొందించినది. దీని అడుగు అంచు, అంటే రిమ్, ఒంటి కంటే కొద్దిగా వెడల్పు. ఒళ్లు సుమారు 8.5 మిల్లీమీటర్లు, రిమ్ 9.1 దాకా. కాబట్టి మ్యాగజైన్‌లో పై రౌండ్ రిమ్ కింది రౌండ్ రిమ్‌కు ముందు ఉండాలి. పై రౌండ్ వెనక్కి జారి దాని రిమ్ కిందిదాని వెనకాల పడితే రెండూ తాళం వేసినట్టు బిగుసుకుంటాయి. దీన్నే రిమ్‌లాక్ అంటారు. స్లైడ్ లాగితే ఇది పోదు. మ్యాగజైన్ బయటికి తీసి రౌండ్లను ఒక్కొక్కటిగా విప్పాల్సిందే. ఆపద సమయంలో అంత తీరిక ఉండదు. నింపేటప్పుడు ప్రతి రౌండ్‌ను పూర్తిగా వెనక్కి నొక్కుతూ, కిందిదాని రిమ్‌కు ముందు తన రిమ్ కూర్చుందో లేదో చూసుకుంటూ పెట్టండి. ముక్కు దగ్గర గుంట ఉన్న పొట్టి హాలో పాయింట్ తూటాలు మ్యాగజైన్‌లో ముందు వెనకలకు ఊగే చోటు ఇస్తాయి, వాటితో రిమ్‌లాక్ ఎక్కువ. పైగా పాత పిస్టళ్లన్నీ గుండ్రటి ముక్కున్న గట్టి బుల్లెట్ కోసం చేసినవే. నా దగ్గరికి వచ్చే వాళ్లందరికీ బుల్లెట్‌కు పూర్తి లోహపు తొడుగున్న 71 గ్రెయిన్ల ఫుల్ మెటల్ జాకెట్ తూటానే చెప్తాను. వేరే తూటా బలం ఎక్కువని ఎవరో చెబితే దాని వెంట పడొద్దు. ఆగకుండా నడిచేదే మీకు పనికొచ్చేది.

ఇక్కడే ఒక హెచ్చరిక. మన దగ్గర ".32" అన్న పేరుతో రెండు వేర్వేరు తూటాలు ఉన్నాయి. పిస్టల్‌కు వాడేది .32 ఏసీపీ, దాన్నే 7.65 ఎం.ఎం. బ్రౌనింగ్ అంటారు. రివాల్వర్‌కు వాడేది .32 స్మిత్ అండ్ వెస్సన్ లాంగ్. అది పొడవు, రిమ్ కూడా ఇంకొంచెం వెడల్పు. మీ పిస్టల్ మ్యాగజైన్‌లో అది పట్టదు. పిస్టల్ తూటాను రివాల్వర్‌లో వేస్తే లోపలికి దిగినా కాల్చకూడదు. డబ్బా మీద అచ్చు చదవకుండా, కౌంటర్ మీద "థర్టీటూ ఇవ్వండి" అని తీసుకుని వచ్చేవాళ్లను చూశాను. డబ్బా తెరిచి ఒక రౌండ్ మ్యాగజైన్‌లో కూర్చుంటుందో లేదో డీలర్ ముందే చూసుకోండి.

మీ రెండు మ్యాగజైన్లలో ఏది దోషో ఇలా తేల్చండి. రెండింటికీ అడుగున మార్కర్‌తో 1, 2 అని వేయండి. ఖాళీ మ్యాగజైన్ ఫాలోవర్‌ను పెన్సిల్ వెనక భాగంతో కిందిదాకా నొక్కి మెల్లగా వదలండి. ఎక్కడా ఆగకుండా, పక్కకు ఒరగకుండా పైకి రావాలి. తర్వాత రెండింటి పెదవులను పక్కపక్కన పెట్టి పైనుంచి చూడండి. తర్వాత చేయించినదానిలో తేడా ఉంటే అక్కడే తెలిసిపోతుంది. నిండు మ్యాగజైన్ స్లైడ్ మూసి ఉన్నప్పుడు పూర్తిగా లోపలికి వెళ్లి, దాన్ని పట్టి ఉంచే క్యాచ్ పడుతోందా అనేది రేంజ్‌లోనే, పిస్టల్ నోరు టార్గెట్ వైపు పెట్టి చూడండి. క్యాచ్ సగం పట్టిన మ్యాగజైన్ మొదటి రౌండ్ తర్వాత కొద్దిగా కిందికి దిగుతుంది, రెండోది అందదు. మీరు చెప్పిన లక్షణానికి ఇది కూడా సరిగ్గా సరిపోతుంది.

ఇంట్లో స్లైడ్ లాగి ఫీడింగ్ చూడాలనిపిస్తే డమ్మీ (పేలని నకిలీ) రౌండ్లతోనే చేయండి. అసలు తూటాలు గదిలో లేకుండా చూసుకోండి. నిజం రౌండ్లతో ఇంట్లో స్లైడ్ లాగడం ఎప్పుడూ వద్దు. అయితే డమ్మీలతో చేత్తో లాగినప్పుడు బాగా నడిచింది కదా అని ధైర్యపడకండి. కాల్చినప్పుడు స్లైడ్ వేగం వేరు. తీర్పు రేంజ్‌లోనే.

రేంజ్ గురించి. ఊరి బయట పొలంలోనో చెరువు కట్ట దగ్గరో టెస్ట్ ఫైర్ చేద్దామనుకుంటే ఆ ఆలోచన మానుకోండి. ఆత్మరక్షణ లైసెన్సు ఇలా బయట కాల్చుకోవడానికి అనుమతి కాదు. నిర్లక్ష్యపు కాల్పులకు, పెళ్లి బరాత్‌లో సంబరం కాల్పులకు ఆయుధ చట్టం 2019 సవరణ తర్వాత రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. అనుమతి ఉన్న రేంజ్‌కే వెళ్లండి, మీ .32 బోర్‌ను అక్కడ అనుమతిస్తారో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.

విదేశీ వీడియోల్లో వందల రౌండ్లు ఆగకుండా కాల్చాకే నమ్మమంటారు. మన లైసెన్సు మీద రాసిన తూటాల సంఖ్య, వాటి ధర అందుకు ఒప్పుకోవు. అందుకని నేను ఇలా చెప్తాను: మీరు జేబులో పెట్టుకోబోయే మ్యాగజైన్‌తో, పెట్టుకోబోయే తూటాతో, కనీసం 50 రౌండ్లు ఒక్కసారి కూడా ఆగకుండా వెళ్లాలి. ఒకేరోజు కానక్కరలేదు. రెండు మూడు విడతల్లో, మధ్యలో ఒకసారైనా పిస్టల్‌ను శుభ్రం చేయకుండా కాల్చండి. మధ్యలో ఆగితే కారణం సరిచేసి లెక్క మళ్లీ మొదటి నుంచి. తూటాలు చాలకపోతే రెండు మ్యాగజైన్లనూ పరీక్షించే ఆశ వదిలేసి, బాగున్న ఒక్కదాన్నే పూర్తిగా పరీక్షించండి. సగం నమ్మకం ఉన్న రెండు మ్యాగజైన్ల కంటే పూర్తి నమ్మకం ఉన్న ఒకటి మేలు. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని శబ్దం వచ్చి పేలకపోతే వెంటనే స్లైడ్ లాగకండి. నోరు టార్గెట్ వైపే ఉంచి అర నిమిషం ఆగండి, తూటా ఆలస్యంగా పేలే అవకాశం ఉంటుంది.

ఇక ఆ రెండో మ్యాగజైన్. పాత విదేశీ పిస్టళ్లకు అసలు మ్యాగజైన్లు దొరకడం చాలా కష్టం. వ్యక్తులు బయటి దేశాల నుంచి తెప్పించుకోవడం ఆగి దశాబ్దాలైంది. ఆ కొరత వల్ల ఎవరో లేత్ దగ్గర రేకు వంచి చేసిన మ్యాగజైన్లు చేతులు మారుతుంటాయి. పని సంగతి అటుంచండి, చట్టం దృష్టిలో ఆయుధ భాగాలు కూడా ఆయుధమే. లైసెన్సు లేని మనిషి తుపాకీ తయారు చేయడమే కాదు, మరమ్మతు చేయడం కూడా నేరం. మీ రెండోది ఎక్కడ చేయించారో కాగితం లేకపోతే దాన్ని జేబులో పెట్టుకుని తిరగకండి. డీలర్‌కు చూపించి ఏం చేయాలో అడగండి. పెదవులను కటింగ్ ప్లయర్‌తో మీరే సర్దే ప్రయత్నం కూడా వద్దు. అలా వంచినది ఒక పూట నడుస్తుంది, మళ్లీ ఆగుతుంది, ఈలోగా మీకు నమ్మకం కుదిరిపోతుంది. అదే నాకు భయం.

నింపిన మ్యాగజైన్ నెలల తరబడి ఉంచితే స్ప్రింగ్ చచ్చిపోతుందా అని చాలామంది అడుగుతారు. మంచి స్ప్రింగ్ నొక్కి ఉంచినందుకు పెద్దగా పాడవదు. నొక్కడం, వదలడం మాటిమాటికీ జరిగితేనే అలిసిపోతుంది. కానీ జేబు పిస్టళ్లలో స్ప్రింగ్‌ను చిన్న చోటులో చివరిదాకా కుక్కేస్తారు, పైగా మీది ఎన్నేళ్లదో తెలియదు. ఒక రౌండ్ తక్కువ నింపుకుంటే నష్టమేమీ లేదు, నిండు మ్యాగజైన్ క్యాచ్ పట్టని సమస్య కూడా తగ్గుతుంది.

మన దగ్గర ఎన్నికలప్పుడు లైసెన్సు ఆయుధాలను పోలీస్ స్టేషన్‌లో డిపాజిట్ చేయడం ఇంకో సమస్య. 2023 నవంబర్ 30న అసెంబ్లీ పోలింగ్, 2024 మే 13న లోక్‌సభ పోలింగ్. ఆర్నెల్లలోపు రెండుసార్లు చాలామంది ఆయుధాలు అప్పగించి తెచ్చుకున్నారు. స్టేషన్‌లో వాటికి నూనె పెట్టి తుడిచేవాళ్లు ఉండరు. రెండోసారి డిపాజిట్ నుంచి వచ్చాక ఒకాయన తెచ్చిన పిస్టల్ పైకి తళతళలాడుతోంది. మ్యాగజైన్ అడుగు ప్లేటు తీస్తే స్ప్రింగ్ నిండా తుప్పు. అప్పగించే ముందు మ్యాగజైన్‌ను విప్పి, పలుచగా నూనె రాసి, ఖాళీగా ఇవ్వండి. తిరిగి తెచ్చుకున్నాక విప్పి తుడిచి, రేంజ్‌లో మళ్లీ కాల్చి చూసేవరకు నమ్మకండి.

జేబు విషయం. 2016 ఆర్మ్స్ రూల్స్ ప్రకారం బహిరంగ ప్రదేశంలో చేతి తుపాకీ హోల్‌స్టర్‌లాంటి దానిలో, పూర్తిగా కప్పి, మీ అదుపులో ఉండాలి. కాబట్టి బయటికి కనిపించకుండా పెట్టుకోవడం మన దగ్గర నియమమే. అయితే ఉత్త జేబులో వేసుకోవడం కాదు. ట్రిగ్గర్‌ను పూర్తిగా మూసే పాకెట్ హోల్‌స్టర్ కొనండి. ఆ జేబులో తాళాలు, చిల్లర, సెల్‌ఫోన్ ఏవీ ఉండకూడదు. ట్రిగ్గర్‌లోకి తాళం చెవి దూరితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు.

మీ వ్యాపారం వల్ల ఇంకో మాట చెప్పాలి. పత్తి సీజన్‌లో యార్డులో గాలి నిండా నూగు. అది జేబులో చేరి, నూనెతో కలిసి మ్యాగజైన్ లోపల జిగట ముద్దలా తయారవుతుంది. జమ్మికుంట మిల్లుల వాళ్ల పిస్టళ్లలో ఊక దుమ్ముతో ఇదే జరగడం చూశాను. నూనె ఎక్కువ పోస్తే బాగా నడుస్తుందన్న నమ్మకం వదిలేయండి. మ్యాగజైన్ లోపలి భాగం దాదాపు పొడిగా ఉండాలి. నూనె తూటా అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్‌లోకి దిగితే ఆ తూటా పేలకపోవచ్చు. మంచిర్యాల కాంట్రాక్టర్ ఒకాయన పిస్టల్, మ్యాగజైన్ రెండూ నిక్షేపంగా ఉన్నాయి, తూటాలే నూనెలో నానిపోయాయి. సీజన్‌లో వారానికోసారి మ్యాగజైన్ విప్పి పొడి చిందీతో తుడవండి. ఎండాకాలం చెమట ఉప్పుకు నల్ల పాలిష్ కింద తుప్పు రాత్రికి రాత్రే మొదలవుతుంది, ఇంటికి రాగానే పైభాగం తుడిచి పెట్టండి. కారు డాష్‌బోర్డులో వదిలేయడం మాత్రం వద్దు. అది ఎండ సంగతే కాదు, దొంగతనం సంగతి కూడా.

రోజూ రాత్రి దించి పొద్దున నింపేవాళ్లు ఒక విషయం గమనించరు. ఒకే రౌండ్‌ను మళ్లీ మళ్లీ చాంబర్‌లోకి, అంటే బ్యారెల్‌లో తూటా కూర్చునే చోటికి పంపితే ర్యాంప్‌కు గుద్దుకుని బుల్లెట్ ఖోకాలోకి మెల్లగా కుంగిపోతుంది. పొడవు తగ్గితే ఫీడింగ్ చెడుతుంది, పేలుడు ఒత్తిడి కూడా పెరుగుతుంది. కొత్త రౌండ్ పక్కన పెట్టి చూస్తే తేడా కనిపిస్తుంది. కుంగినదాన్ని కాల్చకుండా డీలర్‌కు అప్పగించండి. చాంబర్‌లో చేత్తో ఒక రౌండ్ వేసి స్లైడ్ వదిలే అలవాటు కూడా మానండి. పాత పిస్టళ్ల ఎక్స్‌ట్రాక్టర్లు అలాగే విరుగుతాయి. మీ పిస్టల్ పాతది కాబట్టి చాంబర్ ఖాళీగా ఉంచుకుని తిరగమనే చెప్తాను. ఆ కాలపు చాలా పిస్టళ్లలో కింద పడినప్పుడు తూటాను పేల్చే ఫైరింగ్ పిన్‌ను ఆపే అడ్డు ఉండదు. స్లైడ్ లాగే ఆ కాస్త ఆలస్యం భరించవచ్చు, తొడలో దిగే తూటాను భరించలేం.

చివరగా పిస్టలా, రివాల్వరా. తీసి పెట్టుకుని, నెలల తరబడి ముట్టుకోకుండా, అవసరమైన రోజు పనిచేయాలని కోరుకునేవాళ్లకు నేను రివాల్వరే చెప్తాను. కాన్పూర్ .32 రివాల్వర్ లావుగా ఉంటుంది, జేబు ఉబ్బుతుంది. తేలికదే కావాలంటే 2014లో వచ్చిన నిర్భీక్ రివాల్వర్ ఉంది. రౌండ్లు తక్కువ, ట్రిగ్గర్ బరువు. కానీ మ్యాగజైన్ అనేదే లేదు, ఒక తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే తర్వాతిది వస్తుంది. పలుచగా జేబులో ఇమడాలి, నెలకోసారైనా విప్పి తుడుస్తాను, ఏడాదికి కొన్నిసార్లు రేంజ్‌కు వెళ్తాను అనేవాళ్లకు పిస్టల్ సరిపోతుంది. అలాంటివాళ్లు మ్యాగజైన్ దొరకని పాత విదేశీ పిస్టల్ కంటే, కొత్త మ్యాగజైన్ అధికారికంగా కొనుక్కోగలిగే ఇషాపూర్ అశని లాంటి దేశీయ పిస్టల్ వైపు చూడటం మంచిది. ఆయుధం మార్చాలంటే ముందు కమిషనరేట్ అనుమతి, లైసెన్సులో ఎంట్రీ చూసుకోండి. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు ఆయుధాలే పరిమితి.

ముందు రేంజ్‌లో 1, 2 మ్యాగజైన్లను విడివిడిగా వాడి చూడండి. ఏ మ్యాగజైన్‌తో, ఎన్నో రౌండ్‌కు ఆగింది, ఇరుక్కున్నప్పుడు తూటా ముక్కు పైకి ఉందా కిందికి ఉందా, డబ్బా మీద తూటా పేరు ఏమని ఉంది, ఈ నాలుగూ ఇక్కడే రాయండి. అవి చూశాక తప్పు స్ప్రింగ్‌దా, పెదవులదా, క్యాచ్‌దా అని ఇంకాస్త ఖచ్చితంగా చెప్తాను. అప్పటిదాకా పెద్ద మొత్తం ఉన్న రోజు డబ్బు నేరుగా బ్యాంకులో వేయించండి, లేదా ఒక మనిషిని తోడు తీసుకుని చీకటి పడకముందే బయల్దేరండి.